ఎంటాంగిల్‌మెంట్‌కి తెలుగులో ఏం రాయాలి? అన్నిచోట్లా ‘చిక్కు’ పనికిరాదు

మీరు అడిగింది ఇది. శ్రీకాకుళంలో డిగ్రీ పిల్లల కోసం ఇంగ్లీషు-తెలుగు పదకోశం ఒకటి తయారుచేస్తున్నారు. ‘ఎంటాంగిల్‌మెంట్’ అన్న మాట ఫిజిక్స్‌లో, పర్యావరణంలో, చరిత్రలో, కార్మిక భద్రతలో, నర్సింగులో వేరువేరు సందర్భాల్లో తగిలింది. నిఘంటువు చూసి అన్నిటికీ ‘చిక్కు’ అని పెట్టారు. ఫిజిక్స్ మేష్టారు మాత్రం ‘క్వాంటమ్ చిక్కు’ అంటే ఏమిటండీ అని కొట్టేశారు. ఒక్క మాటతో సరిపెట్టొచ్చా, లేకపోతే ఎక్కడ ఏది వెయ్యాలో తేల్చుకునే దారి ఏదైనా ఉందా అన్నది మీ ప్రశ్న.

సరిపెట్టకూడదు. మేష్టారిదే న్యాయం. ఆయన కొట్టేసిన ఫిజిక్స్ మాటే కాదు, భద్రత బోర్డు మీద పెట్టిన ‘చిక్కు’ ఇంకా ప్రమాదకరం. తేల్చుకునే దారి కూడా ఉంది, కానీ నామవాచకం పట్టుకుని వెతికితే దొరకదు. క్రియ పట్టుకోవాలి.

ఇంగ్లీషులో ‘ఎంటాంగిల్’ ఒక్కటే మోసే పనిని తెలుగులో కనీసం ఐదు క్రియలు పంచుకుంటాయి: చిక్కుకోవడం, చుట్టుకోవడం, పెనవేసుకోవడం, ముడిపడడం, ఇరుక్కోవడం. ఒకదాని చోట ఇంకోటి రాసినా వాక్యం వినడానికి బాగానే ఉంటుంది, అర్థం మాత్రం పక్కకు జరుగుతుంది. తేడా పట్టుకోవడానికి ముందు విభక్తి చూడండి. చేప వలలో చిక్కుకుంటుంది. తాడు కాలికి చుట్టుకుంటుంది. ఒక కేసు ఇంకో కేసుతో ముడిపడుతుంది. రెండు తీగలు ఒకదానితో ఒకటి పెనవేసుకుంటాయి. ‘లో’ వచ్చిందంటే పట్టింది ఒకటి, పట్టుబడింది ఒకటి. ‘కి’ వచ్చిందంటే ఒకటి ఉన్నచోటే ఉంది, రెండోది దాని చుట్టూ తిరిగింది. ‘తో’ వచ్చిందంటే రెండూ ఒకచోట కలిశాయి, మిగతా మేర దేని దారి దానిదే. ‘ఒకదానితో ఒకటి’ అనకుండా వాక్యం పూర్తికావడం లేదంటే రెండిటికీ సమాన పాత్ర ఉంది. బండి సందులో ఇరుక్కున్నప్పుడు కూడా ‘లో’యే వస్తుంది గానీ అక్కడ దారమూ తాడూ లేవు, చోటు చాలకపోవడమే కారణం. ఇంగ్లీషు మూలంలో ఎంటాంగిల్ పక్కన ‘ఇన్’ ఉందా, ‘విత్’ ఉందా, ‘అరౌండ్’ ఉందా చూస్తే సగం పని అయిపోతుంది. మిగతా సగానికి వస్తువు కదలిక తెలియాలి.

రెండో పరీక్ష, వ్యతిరేక క్రియ. చిక్కు తీస్తాం. ముడి విప్పుతాం. పెనవేసుకున్నవాటిని విడదీస్తాం. ఇరుక్కున్నదాన్ని లాగుతాం. ఉచ్చులోంచి విడిపిస్తాం. లంపటం వదిలించుకుంటాం. మీ పాఠంలో ‘డిస్ఎంటాంగిల్’ వచ్చే చోటు వెతికి, అక్కడ వీటిలో ఏది అతుకుతుందో చూసి వెనక్కి రండి. తీయడం అతికితే చిక్కు, విడదీయడం అతికితే పెనవేత.

మూడోది, పని చేసినవాడు ఉన్నాడా లేడా. ముడి ఎవరో వేస్తారు. ఉచ్చు ఎవరో పన్నుతారు. చిక్కు మాత్రం పడుతుంది. ‘దారం చిక్కు పడింది’ అంటాం గానీ ‘దారాన్ని చిక్కు వేశారు’ అని మామూలుగా అనం. భాషలోని ఈ పట్టింపుకు ప్రయోగశాల ఆధారం కూడా ఉంది. 2007లో డోరియన్ రేమర్, డగ్లస్ స్మిత్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలు దారాన్ని పెట్టెలో పెట్టి ఆ పెట్టెను తిప్పి చూశారు. వాళ్ళు వాడిన దారం సుమారు 46 సెంటీమీటర్ల కంటే పొట్టిగా ఉన్నప్పుడు చిక్కుముడులు పడలేదు. అంతకంటే పొడవు పెరిగేకొద్దీ చిక్కుముడి పడే అవకాశం వేగంగా పెరిగింది. ఎవరూ వెయ్యకుండానే, కొద్ది సెకన్ల కుదుపులోనే. పొందూరులో వడికిన సన్న నూలును చిలపలుగా (నూలు చుట్టలుగా) చుట్టి అడ్డంగా కట్లు వేసేది ఇందుకే. వంద కౌంటు (నూలు సన్నదనానికి కొలత) నూలు ఒక పౌనుకు 84,000 గజాలు వస్తుంది. ఆ కట్లు లేకపోతే చిలప ఒక్కసారి జారినా కొస దొరకదు.

‘చిక్కు’ అన్న మాటకు తన సొంత గొడవ ఒకటుంది. చేప చిక్కింది అంటే లాభం, దొంగ చిక్కాడు అంటే పట్టుబడ్డాడు, పిల్లాడు చిక్కిపోయాడు అంటే బక్కపడ్డాడు, చారు చిక్కగా ఉందంటే ఇంకో సంగతి. దూడ మూతికి కట్టే అల్లిక బుట్ట చిక్కం. ఇన్ని అర్థాలున్న మాటను శాస్త్ర పదంగా ఒంటరిగా నిలబెడితే చదివేవాడికి ముందు తట్టేది ‘సమస్య’ అన్న అర్థమే. చిక్కుప్రశ్న, చిక్కుముడి, చిక్కుల్లో పడ్డాడు అనేవి ఎక్కువగా వినబడుతున్నాయి కాబట్టి. అందుకే నా సలహా, వల, దారం, జుట్టు, తీగ వంటి వస్తువు కళ్ళ ముందు ఉన్నచోటే ‘చిక్కు’ వాడండి. వస్తువు లేని చోట పేచీ వస్తుంది.

వలలు, తాబేళ్ళు

మీ పర్యావరణ పాఠంలో రెండు వేర్వేరు ఎంటాంగిల్‌మెంట్లు ఉన్నాయి, వాటిని కలపకండి. ఒకటి వల పనిచేసే పద్ధతి. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ వలల వర్గీకరణలో గిల్ నెట్లు (మొప్పలకు పట్టే వలలు), ఎంటాంగ్లింగ్ నెట్లు (చుట్టుకుని పట్టే వలలు) ఒకే గుంపు. మన తీరంలో ఇలాంటి వలలకు కవళ్ళ వల, టేకు వల అని పట్టే చేపను బట్టి పేరు పెట్టడం ఎక్కువ. అందుకని ఆ పాఠంలో పద్ధతిని విడమరిచి రాయాల్సిందే.

చేప వలకు మూడు రకాలుగా దొరుకుతుంది. తల వల కన్నులో (రంధ్రంలో) దూరి, వెనక్కి రాబోతే దారం మొప్ప వెనక పడుతుంది. ఇది మొప్పలకు పట్టుకోవడం. ఇంకా కొంచెం దూరి ఒళ్ళు బిగుసుకుపోతే ఇరుక్కోవడం. కన్నులో దూరకుండానే పళ్ళో ముళ్ళో రెక్కో తగులుకుని, పెనుగులాడేకొద్దీ వల మీదకు చుట్టుకుంటే, అదీ అసలు ఎంటాంగిల్‌మెంట్. పీతలు, రొయ్యలు, టేకు చేపలు ఈ మూడో రకంగా దొరుకుతాయి, ఎందుకంటే వాటి ఆకారం కన్నులో దూరేది కాదు. 

ఏ వల ఏ రకంగా పడుతుందో తేల్చేది చాలావరకు దాని వదులు. దీన్ని హ్యాంగింగ్ రేషియో అంటారు. పూర్తిగా సాగదీసిన వల 100 మీటర్లుంటే, దాన్ని 50 మీటర్ల తాడుకు కుచ్చుతూ కడితే 0.5. అదే వలను 30 మీటర్ల తాడుకు కడితే 0.3. సుమారు 0.7 దగ్గర కన్ను నలుచదరంగా తెరుచుకుంటుంది. 0.5 చుట్టుపక్కల నిలువు వజ్రం ఆకారంలో ఉండి మొప్పలకు బాగా పడుతుంది. 0.3కి దిగితే వల బాగా వదులై, దూరే చేప కంటే చుట్టుకునే చేప ఎక్కువవుతుంది. ఆ వదులు వలకు కష్టం కూడా అంతే: చేపను విడిపించడానికి ఎక్కువసేపు పడుతుంది, చిరుగులు ఎక్కువ, అలల పోటుకు వల తనలో తానే మెలిపడుతుంది. మూడు పొరల వల ఇంకో ఏర్పాటు. బయట రెండు పక్కలా పెద్ద కన్నుల పొరలు, మధ్యలో చిన్న కన్నుల పొర వదులుగా ఉంటుంది. చేప మధ్య పొరను పొడుచుకుంటూ అవతలి పెద్ద కన్నులోంచి బయటికి వస్తే, దాని చుట్టూ సంచి ఏర్పడి మూతి బిగుస్తుంది. దీన్ని ‘చుట్టుకునే వల’ అని కూడా అనలేం. ‘సంచి కట్టి పట్టే వల’ అని రాస్తే చదివినవాడికి బొమ్మ కనబడుతుంది.

రెండోది, పట్టదలచుకోనిది పట్టుబడడం. అంటే తాబేళ్ళు. శ్రీకాకుళం, విజయనగరం తీరంలో గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లీలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. ఇక్కడ ‘తాబేలు వలలో చిక్కింది’ అని రాస్తే ‘చిక్కింది’లో ఉన్న లాభం అర్థం తోసుకొస్తుంది, దాన్ని పట్టుకోవడానికే వెళ్ళినట్టు. ‘తాబేలు వలలో చిక్కుకుంది’ అనండి. ఆ ‘కొను’ చేరడంతో అనుభవించేది తాబేలే అని తేలుతుంది. రెక్కకో మెడకో దారం పడిన సంగతి చెప్పేటప్పుడు ‘చుట్టుకుంది’కి మారండి, ఎందుకంటే విడిపించే పద్ధతి మారుతుంది.

ఆ పద్ధతిని మీ పాఠంలో ఇంగ్లీషు కరపత్రంలోంచి తెలుగు చేస్తున్నారని రాశారు కాబట్టి, క్రియలు తారుమారైతే ఎక్కడ దెబ్బ తగులుతుందో చెబుతాను. తాబేలు ఊపిరితిత్తులతో పీల్చే జంతువు. నీళ్ళ కింద వల పట్టి ఉంచితే మునిగి చస్తుంది, కాబట్టి మొదటి పని తలను నీటి పైకి తేవడం. తరవాత వలను వదులు చెయ్యాలి. తాబేలును లాగకూడదు, రెక్కలు పట్టి అసలే లాగకూడదు, కీళ్ళు తప్పుతాయి. మీ చిత్తులో ‘వలలోంచి లాగండి’ అని ఉంది, దాన్ని ‘వలను దాని మీంచి తప్పించండి’ అని మార్చండి. రెక్కకు చుట్టుకున్న దారాన్ని విప్పబోతే సాధారణంగా ఇంకో మెలిక బిగుస్తుంది. అక్కడ కొయ్యాలి, ఒంటివైపు కాకుండా బయటివైపు మొన పెట్టి. కోసిన ముక్క ఒంటిమీద మిగలకూడదు. మిగిలితే రెక్క పెరిగేకొద్దీ లోపలికి కోసుకుపోతుంది.

కదలిక లేని తాబేలు చచ్చిందని పారేయకూడదన్నది ముఖ్యమైన వాక్యం, అది మీ చిత్తులో జారిపోయింది. దాన్ని బోల్తా కొట్టించకుండా, పొట్ట కిందికే ఉంచి, వెనక భాగం కనీసం 15 సెంటీమీటర్లు ఎత్తులో పెట్టాలి, ఊపిరితిత్తుల్లో నీళ్ళు బయటికి రావడానికి. నీడలో ఉంచి, తడిగుడ్డ కప్పాలి, ముక్కు మీద మాత్రం పడకూడదు. నీళ్ళ తొట్టిలో పెడితే మళ్ళీ మునుగుతుంది. కనీసం 4 గంటలు, అవసరమైతే 24 గంటల వరకు చూడాలి. మధ్యమధ్య కంటి దగ్గర, తోక దగ్గర మెల్లగా తాకితే స్పందన ఉందో లేదో తెలుస్తుంది. కదలిక వచ్చాక ఇంజను న్యూట్రల్‌లో ఉంచి, వలలు లేని చోట, బోటు వెనక నుంచి నీటి దగ్గరగా దించాలి. 

‘ఘోస్ట్ నెట్’కి దెయ్యపు వల అని రాయకండి, పిల్లలు నవ్వుతారు, పెద్దలకు అర్థం కాదు. తెగిపోయిన వల లేదా వదిలేసిన వల చాలు.

భద్రత బోర్డు

మీ పదకోశంలో ఇది నాలుగు పంక్తుల అంశమే గానీ, మనుషుల ప్రాణం ఉన్నది ఇక్కడే. ‘ఎంటాంగిల్‌మెంట్ హజార్డ్’ అన్నదానికి ‘చిక్కుకునే ప్రమాదం’ అని రాశారు. చిక్కుకోవడం అంటే ఉన్నచోట ఆగిపోవడం. చదివిన మనిషి, చిక్కుకుంటే విడిపించుకోవచ్చులే అనుకుంటాడు. తిరిగే షాఫ్టు ఆపదు, లాగుతుంది.

నూర్పిడి యంత్రానికి ట్రాక్టరు నుంచి వచ్చే పీటీఓ షాఫ్టు (ఇంజను శక్తిని యంత్రానికి అందించే తిరిగే కడ్డీ) మామూలు వేగం నిమిషానికి 540 చుట్లు, అంటే సెకనుకు 9. ఆ కొస మందం సుమారు 35 మిల్లీమీటర్లు, చుట్టుకొలత 11 సెంటీమీటర్లు. తొమ్మిది చుట్లకు దాదాపు ఒక మీటరు గుడ్డ. చీర కొంగు, లుంగీ అంచు, చున్నీ, తలగుడ్డ కొస ఏదైనా సరే, ఒక సెకనులో మీటరు లోపలికి పోతుంది. చుట్టుకున్న గుడ్డ వల్ల షాఫ్టు లావై తరవాతి సెకనులో ఇంకా ఎక్కువ లాగుతుంది. చెయ్యి వెనక్కి తీసుకోవాలని మనిషికి తట్టే లోపే అయిపోతుంది. షాఫ్టు నున్నగా ఉంటే పట్టదనుకోవడం భ్రమ. చెమటతోనో నూనెతోనో తడిసిన గుడ్డ నున్నటి ఇనుముకు అతుక్కుని మొదటి చుట్టు వేసుకుంటుంది, రెండో చుట్టు మొదటిదాన్ని బిగిస్తుంది.

కాబట్టి క్రియ ‘చుట్టుకుని లాగేసుకోవడం’. బోర్డు మీద రాయాల్సింది: ‘తిరిగే షాఫ్టు. వదులు బట్టలు, విప్పిన జుట్టు, చున్నీ చుట్టుకుని మనిషిని లోపలికి లాగేస్తుంది. మూత తీసి నడపవద్దు.’ ప్రమాదం అన్న మాట వెయ్యకపోయినా పరవాలేదు, లాగేస్తుంది అన్న మాట మాత్రం ఉండాలి. నెల్లిమర్ల వంటి జూట్ మిల్లులకు, రైసు మిల్లులకు కూడా ఇదే వాక్యం పనికొస్తుంది. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం 1948లో 21వ సెక్షన్ యంత్ర భాగాలకు రక్షణ కంచె గురించి, 22వ సెక్షన్ నడుస్తున్న యంత్రం దగ్గర పని గురించి ఉండేవి. ఆ రెండో దాంట్లో ‘ఒంటికి అతుక్కునే బిగుతు దుస్తులు’ అన్న షరతు పెట్టిందే ఈ చుట్టుకోవడం కోసం. పాఠంలో సెక్షన్ పక్కనే ఈ కారణం రాస్తే పిల్లలు బట్టీ పట్టక్కర్లేదు.

ఫిజిక్స్ మేష్టారి అభ్యంతరం

కణాల మధ్య ఉండే ఒక సంబంధానికి పేరుగా ఈ మాటను ఫిజిక్స్‌లోకి తెచ్చింది శాస్త్రవేత్త ఎర్విన్ ష్రోడింగర్, 1935లో. అదే ఏడు ఐన్‌స్టీన్, పొడాల్‌స్కీ, రోజెన్ ముగ్గురూ రాసిన వ్యాసం లేవనెత్తిన చర్చకు కొనసాగింపుగా. ఇంగ్లీషు వ్యాసంలో ఎంటాంగిల్‌మెంట్ అన్నాడు, జర్మన్‌లో ఫెర్‌ష్రెంకుంగ్ అన్నాడు. జర్మన్‌లో చేతులు కట్టుకోవడానికి వాడే క్రియ నుంచి వచ్చింది ఆ మాట. ఒక చెయ్యి మీద ఇంకో చెయ్యి పద్ధతిగా పడడం. అందులో గందరగోళం లేదు. ఇంగ్లీషు మాటలో ఉన్న గజిబిజి జర్మన్ మాటలో లేదు, విషయంలోనూ లేదు.

‘చిక్కు’ ఇక్కడ మూడు చోట్ల దారి తప్పిస్తుంది. చిక్కు కుదిపితే పెరుగుతుంది. కణాల మధ్య ఉన్న ఈ సంబంధం మాత్రం చుట్టుపక్కల వేడి, గాలి, వెలుతురు తగిలితే ఊడిపోతుంది. దాన్ని నిలబెట్టడానికే కొన్ని క్వాంటమ్ కంప్యూటర్లలో అంత చలి, అంత ఏకాంతం. చిక్కు అనవసరం, తీసేయాల్సింది. ఇది కావాలని తయారుచేసుకునే వనరు. చిక్కు పడ్డ దారాల్లో ఏ దారానికి ఆ దారం ఉనికి ఉంటుంది, ఓపిగ్గా చూస్తే ఏది ఎటు పోయిందో చెప్పొచ్చు. ఇక్కడ కణాలకు అలాంటి విడివిడి ఉనికి అన్న మాటే లేదు, విషయం మొత్తం ఆ లేకపోవడంలోనే ఉంది.

అందుకే ‘పెనవేత’ వెయ్యమంటాను. పెన అంటే పురి. జనపనారతో తాడు పేనడం మన జిల్లాల్లో ఎవరికీ కొత్త మాట కాదు. విభక్తి పరీక్ష కూడా నెగ్గుతుంది, ‘ఒకదానితో ఒకటి’ లేకుండా నిలవదు. రూపాలు కూడా తేలిగ్గా వస్తాయి: పెనవేసుకున్న ఫోటాన్లు (కాంతి కణాలు), పెనవేత గాఢత, పెనవేత వీడిపోయింది. ‘చిక్కు’తో ఇవి చేసి చూడండి, ‘చిక్కు గాఢత’ అనేసరికి వాక్యం నవ్వులపాలవుతుంది. ‘బంధం’ కూడా కొందరు సూచిస్తారు. వద్దు. రసాయన బంధంతో ఢీకొంటుంది. పైగా బంధం అంటే లాగే బలం ఏదో ఉందన్న భ్రమ.

నిర్వచనం ఇలా రాయొచ్చు: ‘రెండు కణాలు పెనవేసుకుని ఉన్నప్పుడు జంట స్థితిని పూర్తిగా చెప్పగలం, కానీ ఏ ఒక్కదానికీ దాని సొంత పూర్తి స్థితి ఉండదు.’ ష్రోడింగర్ చెప్పిన సారం అదే, మొత్తం గురించి తెలిసినంత మాత్రాన భాగాల గురించి తెలిసినట్టు కాదని. 

దీన్ని వివరించడానికి తరచూ వాడే పోలిక చెప్పుల జత. ఒక చెప్పు శ్రీకాకుళంలో పెట్టెలో, రెండోది విజయనగరంలో. ఇక్కడ ఎడమది కనబడితే అక్కడిది కుడిది అని తెలిసిపోతుంది. పాఠంలో ఈ పోలిక పెడితే అక్కడితో ఆపకండి, ఎందుకంటే అది తప్పు పోలిక. చెప్పు పెట్టెలో పెట్టినప్పుడే ఎడమదో కుడిదో అయి ఉంది. ముందే కుదిరిన అలాంటి ఏర్పాటుతో ఎంతవరకు పొంతన కుదురుతుందో 1964లో భౌతిక శాస్త్రవేత్త జాన్ బెల్ లెక్క కట్టి చూపించాడు. తరవాత వచ్చిన ఒక సులువైన రూపంలో చెప్పాలంటే, ఇద్దరు ఆటగాళ్ళను దూరంగా కూర్చోబెట్టి విడివిడిగా ప్రశ్నలడిగే ఆటలో ముందస్తు ఒప్పందంతో సగటున నూటికి 75 మించి గెలవలేరు. పెనవేసుకున్న కణాలు చేతిలో ఉంటే సుమారు 85 దాకా గెలవొచ్చు. 1970ల నుంచి జరిగిన ప్రయోగాలు కణాల పొంతన ఆ బెల్ హద్దును దాటుతుందనే చూపించాయి. ఆ పనికే అలెన్ ఆస్పే, జాన్ క్లౌజర్, ఆంటన్ జైలింగర్‌లకు 2022 నోబెల్.

క్రియల్లో ఒక జాగ్రత్త. ‘ఒక కణాన్ని కొలిస్తే రెండోదానికి సమాచారం అందుతుంది’ అని రాయకూడదు. కొలత ఫలితం ఎటుపక్క చూసినా యాదృచ్ఛికమే, రెండు జాబితాలూ ఒకచోట పెట్టి పోల్చినప్పుడే పొంతన బయటపడుతుంది. కబురు పంపడానికి పనికిరాదు. సందేశాలను రహస్యంగా ఉంచే సంకేత కీలు తయారుచేసుకోవడానికి పనికొస్తుంది, అక్కడే డబ్బు. మన జాతీయ క్వాంటమ్ మిషన్‌కు 2023లో ఆమోదించిన మొత్తం 6,003 కోట్ల పైచిలుకు. అమరావతి క్వాంటమ్ వ్యాలీ ప్రకటన వచ్చాక పత్రికల్లో ఈ మాట ఇంకా ఎక్కువైంది.

‘మోనోగమీ ఆఫ్ ఎంటాంగిల్‌మెంట్’ అన్న నియమం కూడా మీ జాబితాలో ఉంది. ఒక కణం ఇంకోదానితో గరిష్ఠంగా పెనవేసుకుంటే మూడోదానితో పెనవేసుకోవడానికి ఏమీ మిగలదు. ఏకపత్నీవ్రతం అనాలని ఎవరికైనా సరదా పుట్టొచ్చు. పరీక్ష పేపరులో మాత్రం ‘పెనవేత ఏకైకత’ అని పెట్టండి.

చరిత్ర, రాజకీయం, యుద్ధం

థామస్ జెఫర్సన్ అమెరికా అధ్యక్షుడిగా 1801 మార్చి 4న చేసిన ప్రమాణ స్వీకార ప్రసంగంలోని ‘ఎంటాంగ్లింగ్ అలయన్సెస్’ అన్న మాటకు ‘చిక్కు కూటములు’ అని రాశారు. కూటమి చిక్కుగా ఉందనే అర్థం వస్తుంది. ఆయన ఉద్దేశం వేరు: కూటమిలో చేరితే వాళ్ళ తగువులు మన మెడకు తగులుకుంటాయని. తగులుకోవడం, తగులాటం మనకున్న మంచి మాటలు. ‘అన్ని దేశాలతో స్నేహం, ఎవరితోనూ కూటమి తగులాటం వద్దు’ అంటే సరి. జార్జ్ వాషింగ్టన్ 1796 వీడ్కోలు సందేశంలో యూరప్ గొడవల్లో మన శాంతిని ఇరికించుకోవద్దన్న అర్థంలో ఇదే క్రియ ఉంది. అక్కడ ‘ఇరికించుకోవడం’ బాగుంటుంది, చేజేతులా చేసుకునేది కాబట్టి. 

పత్రికల్లో చర్చలు ఎటూ తేలనప్పుడు వాడే ‘పీటముడి’ని ఎంటాంగిల్‌మెంట్‌కి పెట్టకండి. పీటముడి రెండు పక్కలా లాగితే బిగిసేది, అంటే ప్రతిష్టంభన. ఒప్పందంలో కావాలని పెట్టే షరతు మెలిక. కోర్టు గొడవల్లో ఉన్న భూమికి ‘లీగల్ ఎంటాంగిల్‌మెంట్’ అని ఉంటే ‘వ్యాజ్యంలో ఉంది’ అనండి, రిజిస్ట్రారు ఆఫీసు దగ్గర జనం ‘లిటిగేషన్‌లో ఉంది’ అనే అంటారు, అది రాసినా తప్పు లేదు. 

అమెరికా రాజ్యాంగ పాఠంలో సుప్రీంకోర్టు 1971లో ఇచ్చిన లెమన్ వర్సెస్ కర్ట్‌జ్‌మన్ తీర్పులో వచ్చే ‘ఎక్సెసివ్ ఎంటాంగిల్‌మెంట్’కి ‘ప్రభుత్వం మతంతో అతిగా ముడిపడడం’. ప్రభుత్వం మతం జోలికి పోయిందా అని తేల్చే ఆ పరీక్షను ఆ కోర్టే 2022లో పక్కన పెట్టింది, పాఠంలో ఇంకా అమల్లో ఉన్నట్టు రాసి ఉంటే దిద్దండి.

మొదటి ప్రపంచ యుద్ధంలో ‘వైర్ ఎంటాంగిల్‌మెంట్’ అంటే ముళ్ళతీగ కంచె కాదు. కంచె ఒక వరస, దాటకుండా ఆపుతుంది. ఇది చాలా మీటర్ల లోతున, అడ్డదిడ్డంగా పరిచిన తీగ. లోపలికి రానిచ్చి, కాళ్ళకు పట్టి, తుపాకీ ఎదుట నిలబెట్టేది. ‘ముళ్ళతీగల ఉచ్చు’ అనండి.

మిగిలినవి

నర్సింగులో రెండు వేరు సంగతులు. బొడ్డుతాడు మెడకు పడితే ‘చుట్టుకోవడం’. మనవాళ్ళు పేగు మెడలో వేసుకుని పుట్టాడని, మేనమామకు గండమని అనేది దీన్నే. ఇది మామూలుగా చాలా కాన్పుల్లో కనబడేదే, చాలావరకు హాని లేకుండా పోతుంది, ఆ గండం మాట పాఠంలోకి రానివ్వకండి. ‘కార్డ్ ఎంటాంగిల్‌మెంట్’ అని విడిగా ఉంటే మాత్రం అది ఎక్కువగా ఒకే ఉమ్మనీటి సంచిలో ఉన్న కవలల బొడ్డుతాళ్ళు ఒకదానితో ఒకటి మెలిపడడం. అరుదు, ప్రమాదకరం. అక్కడ ‘పెనవేసుకోవడం’ రాయాలి. చుట్టుకోవడం రాస్తే నర్సు మెడ దగ్గర వెతుకుతుంది.

అల్జీమర్స్ పాఠంలోని ‘టాంగిల్స్’ మెదడు కణాల్లో టౌ అనే ప్రోటీను పోగులు పేరుకున్నవి. ‘టౌ పోగుల ఉండలు’ బాగుంటుంది. పాలిమర్లలో పొడవాటి గొలుసులు ఒకదాని మధ్యలోంచి ఒకటి పోయి కదలిక నెమ్మదించడానికి ‘చిక్కు’యే సరైన మాట, ఎందుకంటే అక్కడ నిజంగా దారాల్లాంటి వస్తువులున్నాయి. గొలుసు ఒక హద్దు పొడవు దాటాక చిక్కదనం ఇంకా వేగంగా పెరుగుతుంది, చిక్కు వల్లే చిక్కదనం, తెలుగులో అచ్చు పాఠంలా కుదిరింది. మనుషుల మధ్య ప్రేమ వ్యవహారాలకు ‘సంబంధం’ చాలు. సంసారపు బరువుకైతే లంపటం, జంజాటం ఉండనే ఉన్నాయి.

పదకోశంలో పెట్టేటప్పుడు శీర్షిక ఒక్కటే ఉంచి, దాని కింద శాస్త్రం పేరు, తెలుగు క్రియ, విభక్తితో సహా ఒక చిన్న వాక్యం ఇవ్వండి. నామవాచకం చివర్లో పెట్టండి. ఫిజిక్స్ వరసలో ‘పెనవేత’ పక్కన ‘ఎంటాంగిల్‌మెంట్’ అని తెలుగు లిపిలో కూడా ఉంచండి, పిల్లలు రేపు పై చదువుల్లో చూసేది ఆ మాటే. టైపు చేసేటప్పుడు ‘ల్’ తరవాత జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలు కలవకుండా ఆపే, కనబడని గుర్తు) పడకపోతే ‘ల్మె’ అని ఒత్తు కలిసిపోతుంది, అచ్చుకు పంపేముందు అది ఒకసారి వెతికి సరిచూసుకోండి.